ఇహానికి తమ్ముడు, పరానికి అన్న

ఉప్పు సరస్సు పట్నం
ఆగస్టు 1858

తిర్సక్కా,

మేం బతికే ఉన్నాం. ముందు ఆ మాట రాసేస్తే మిగతావి నిదానంగా రాయొచ్చు. ప్రభుత్వం మన మార్మన్ల మీదికి సైన్యాన్ని పంపుతోందని ఊరంతా ఖాళీ చేశాం. ఇళ్ళ నిండా గడ్డి కుక్కి, అవసరమైతే అంటించమని కాపలావాళ్ళను వదిలి దక్షిణానికి తరలిపోయాం. సైన్యం వచ్చింది, వీధుల్లోంచి నడిచింది, అవతలికి పోయింది. ఒక్క కోడిపెట్టను ముట్టలేదు. ఇప్పుడు అందరం మూటలతో తిరిగొచ్చి, మన గడ్డి మనమే ఊడ్చుకుంటున్నాం. ఇన్నాళ్ళూ తపాలా లేక నీకు రాయలేదు గానీ, మరిచిపోయి కాదు.

నేను ఇంకా బిషప్ క్రాబ్‌ట్రీ గారింట్లోనే మగ్గం నేస్తున్నాను. ఆయన ముగ్గురు భార్యలూ నన్ను బాగానే చూస్తారు. అంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లో ముగ్గురూ నాతో మాట్లాడతారు. ఆ రోజులు ఎక్కువే.

నాకు ముప్పై మూడేళ్ళు అక్కా. మొన్న ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. భార్యలు నలుగురు, నోట్లో పళ్ళు రెండు. "తలా అరపన్ను పంచారు, ఇక నాకేం మిగిల్చారు?" అన్నాను. భార్యలు ముగ్గురూ నవ్వారు గానీ బిషప్పు గారు నవ్వలేదు. "ముడి పడని ఆడది ఆ లోకంలో ఎవరింట్లోనో పనిమనిషిగా మిగిలిపోతుంది, జాగ్రత్త" అన్నారు. ఇక్కడా పనిమనిషినే, అక్కడా పనిమనిషినేనా?

అందుకే అడుగుతున్నాను. ఎలా అడగాలో తెలియక ఇంత దూరం వచ్చాను. నాకు బతికున్న మగాడు వద్దు. నన్ను పెద్ద బావకు ముడివేయించుకోనివ్వు. పరానికి మాత్రమే. ఓబేదు బావ పోయి ఆరేళ్ళయింది. నీతో పాటు ఆయన గడపలో నాకూ ఇంత చోటుంటే చాలు. చచ్చినవాళ్ళకు ముడి పడాలన్నా మొదటి భార్యను అడగాలన్నది మన పద్ధతి కదా. నువ్వు ఇక్కడుంటే నా చెయ్యి పట్టి, ఆయన తరఫున నిలబడేవాళ్ళ చేతిలో నువ్వే పెట్టేదానివి. లేవు గనుక రెండు మాటలు రాసి పంపు.

నువ్వు పోగొట్టుకునేదేమీ లేదు. నీ పక్కన చిన్న బావ ఉన్నాడు. ఒళ్ళో హుల్దా ఉంది. పిల్లకు నా ముద్దులు.

నీ చెల్లెలు
కెతూరా


జెనోవా, బీవర్ వాగు ఒడ్డు
నెబ్రాస్కా
అక్టోబరు 1858

కెతూరా,

ఇవ్వను.

ఇక్కడితో చదవడం ఆపేస్తావేమో, ఆపకు. ఎందుకివ్వనో కూడా విను.

ప్లాట్ నది పొడుగునా మన మార్మన్ల సమాధులే. వాళ్ళలో పెళ్ళి కాకుండా పోయిన కుర్రాళ్ళు ఎందరు! ఎవరినైనా ఏరుకో, అడ్డం వచ్చేవాళ్ళు లేరు. లోకంలో ఇంతమంది చచ్చిపోతే నీకు నా మొగుడే దొరికాడా?

పోగొట్టుకునేదేమీ లేదని ఎంత సులువుగా రాశావే! సముద్రానికి అవతల, ప్రెస్టన్‌లో మిల్లు మూతపడ్డ చలికాలం ఆయన కాళ్ళకు బూట్లు తొడిగింది నా మగ్గం కూలి. ఓటు హక్కు సభల్లో అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తే ఉల్లిపాయ ఉడకబెట్టి గొంతుకు కట్టింది నేను. ఇద్దరు పిల్లల్ని ఆ మసి మట్టిలో పెట్టి ఓడెక్కింది నేను. నువ్వు మా బల్ల మూలన కూర్చుని రొట్టె తిన్నావు. తిన్నందుకు సంతోషం. రొట్టె తిన్నంత మాత్రాన పొయ్యి నీదవుతుందా?

నాకు ఇహానికి యబ్బేజు, పరానికి ఓబేదు. ఉప్పు సరస్సు లోయకు చేరిన ఏడాది రెండు ముడులూ ఒక్క పూటలో పడ్డాయి, నువ్వూ చూశావు. చనిపోయిన అన్న తరఫున తమ్ముడు నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. అదే చెయ్యి వదలకుండా, ఈసారి తన తరఫున పట్టుకున్నాడు. ఆ ధర్మం ప్రకారం హుల్దా ముక్కూ నోరూ యబ్బేజువైనా, ఆ లోకంలో అది ఓబేదు కూతురు. యబ్బేజు దీని గురించి నోరెత్తడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మాత్రం పారకు పదును పెడుతూ, "ఇచ్చెయ్యరాదూ? అక్కడైనా మా అన్నకు కాస్త తీరిక లేకుండా పోతుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పారను మాత్రం రాయి మీద ఎముక విరిచినట్టు గీశాడు. బతికున్నవాడు చచ్చినవాడి మీద కుళ్ళుకుంటుంటే చూడటం ఎంత కష్టమో నీకేం తెలుసు? చచ్చినవాడికి గురక లేదు, కోపం లేదు, ముసలితనం రాదు. వాడితో పోటీ పడి గెలిచిన మగాడు లేడు.

పంట పండించమని సంఘం మమ్మల్ని లోయ నుంచి పంపిన ఈ చోటి సంగతి రాస్తాను. మొత్తం పొలానికి ఒకటే ఆవరణ. కందకం తవ్వి, తీసిన గడ్డిపెళ్ళల్నే గోడగా పేర్చాం. లోపల ఎవరి చెక్క ఎవరిదో చీట్లు తీశాం. నాకు వాగు పక్క చెక్క వచ్చింది. నల్లమట్టి, చేత్తో పిసికితే వెన్నలా ఉంటుంది. పండించేది మాకోసం మాత్రమే కాదు, వెనక బళ్ళలో వచ్చేవాళ్ళ కోసం కూడా. ఇంత ధర్మకార్యం జరుగుతుంటే ఇక్కడి పౌనీ తెగ ముసలిది ఒకతె గోడెక్కి దిగి, నా మొక్కజొన్నలో వచ్చి కూర్చుంటుంది. దొంగతనం చెయ్యదు. ఊరికే కూర్చుంటుంది. కర్ర చూపించి అదిలిస్తే పిడికెడు మట్టి తీసుకుని లేస్తుంది, నాలుగు రోజులకు మళ్ళీ తయారు.

దున్నినవాళ్ళదే పొలం. నువ్వూ ఆ ముసలిదీ ఇద్దరూ గోడ అవతలే ఉండండి.

తిర్సా


ఉప్పు సరస్సు పట్నం
ఫిబ్రవరి 1859

తిర్సాకు,

అమ్మ పెట్టనూ పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదు. ఆ సామెత నీలాంటి వాళ్ళను చూసే పుట్టింది.

నీకు ఇక్కడొకడు, అక్కడొకడు. నాకు ఇక్కడ లేడు, అక్కడా లేడు. నేను అడిగింది నీ పళ్ళెంలో ముద్ద కాదు, నువ్వు తిని లేచిన బల్ల దగ్గర కూర్చోవడానికి చోటు. దానికి నువ్వు రొట్టెముక్కలు లెక్క చెప్పావు. ఆ రొట్టె తిన్న పిల్ల నీ ఇద్దరు బిడ్డలకూ చివరిదాకా తడిగుడ్డ వేసింది. అది గుర్తులేదు కదూ?

నీకెప్పుడూ చెప్పకూడదనుకున్న మాట ఒకటుంది. నువ్వే చెప్పించావు.

ప్లాట్ రేవు దగ్గర నీకు జ్వరం తలకెక్కి బండిలో తెలివి లేకుండా పడి ఉన్నావు. మిట్టమధ్యాహ్నం. కలరా సోకినవాడి కోసం బళ్ళు ఆపితే అందరికీ అంటుతుందని మన బళ్ళ కెప్టెను, పెద్ద బావను దింపి గడ్డిలో పడుకోబెట్టమన్నాడు. ప్రాణం పోయేదాకా ఒకరు ఉండి, పూడ్చాక వచ్చి కలవమన్నాడు. చిన్న బావ ఎడ్లను నదిలోకి దింపాడు, మధ్యలో వదిలి రాలేడు. ఉన్నది నేను. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నా గౌను అంచు నీళ్ళలో ముంచి పెదవులు తడిపాను. "కెతూరా, లోయ దాకా ఎలాగైనా వెళ్ళు. అక్కడ నీకూ చోటు చూస్తాను" అన్నాడు. నా పేరు పిలిచి అన్నాడు. జ్వరంలో వాగాడంటావేమో, జ్వరం నీకు. కలరా మనిషికి చివరిదాకా తెలివి ఉంటుంది. చూసినదాన్ని చెబుతున్నాను.

ఈ మాటను ఇన్నేళ్ళు నాలో దాచుకున్నాను. నువ్వు చిన్న బావ చెయ్యి పట్టుకున్న రోజు కూడా నోరు విప్పలేదు. ఆ రోజు నీ మీద నాకు ఎంత కడుపుమంటో దేవుడికి తెలుసు.

ఇంకొకటి. నీ జవాబు బిషప్పు గారికి చూపించాను. ఆయన నొచ్చుకోలేదు. మొదటి భార్యను అడగడం ధర్మం అన్నారు. ఆమె కాదంటే, ఆమె తన హక్కు తానే వదులుకున్నట్టట. ఆ తర్వాత ఆమె మాటతో పని లేదట. అంటే నీ "కాదు" నన్ను ఆపదు. అయినా నాకు నీ "ఔను" కావాలి. మా బావ గడపలోకి దొంగలా దూరడం నాకిష్టం లేదు.

కెతూరా


జెనోవా
ఏప్రిల్ 1859

కెతూరాకు,

ఉత్తరం అందింది. యబ్బేజుకు చదివి వినిపించలేదు.

"చోటు చూస్తాను" అన్నాడా, "చోటుంది" అన్నాడా? ఆ తర్వాత ఏమన్నాడు? ఏమీ అనకుండా పోయే మనిషి కాదు ఆయన. మొత్తం రాయి. దాచకు.

ఇక నీ బిషప్పు సంగతి. కాదంటే చెల్లదని తెలిశాక, అడగడం ఎవరిని మోసం చెయ్యడానికి?

పోయిన వారం ప్రభుత్వం ఏజెంటు మా ఊరికి వచ్చాడు. ఈ నేల పౌనీలదట. మేం వచ్చి దున్నిన ఏడాదే ఒప్పందం రాసి, ఈ చెక్క వాళ్ళకు వదిలారట. కోతలయ్యాక మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నాడు. సభలో మనవాళ్ళ గోల వినాల్సింది. యబ్బేజు లేచి, "ఒప్పందం రాసేటప్పుడు ఇక్కడ దున్నేవాళ్ళను ఎవడైనా అడిగాడా?" అని బల్ల గుద్దాడు.

"పౌనీలను మాత్రం అడిగి ఉద్ధరించారా?" అన్నాడు ఏజెంటు. "నదికి అటూ ఇటూ వాళ్ళ దేశమంతా వదిలి ఈ చెక్కలోకి రమ్మన్నారు. వాళ్ళ పెద్దలు సంతకాల చోట గీతలు గీశారు. గీయకపోతే ఏమయ్యేదని నన్నడక్కండి."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నీ ఉత్తరం నా జేబులో ఉంది.

మన నాన్న ఓటు కోసం ఊరూరా తిరిగి సంతకాలు పోగుచేశాడు, గుర్తుందా? ఆ అర్జీని చట్టసభ పెద్దలు విప్పి చూడకుండానే తోసిపుచ్చారు. ఆ రోజు నాన్న అన్నది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "మన ఔను వాళ్ళకు కావాలి, మన కాదు మాత్రం వినబడదు." అలాంటి దొరల దేశం వద్దని సముద్రం దాటాం. దాటి ఏ దేశానికి వచ్చాం?

తిర్సా


ఉప్పు సరస్సు పట్నం
మే 1859

అక్కా,

"చోటు చూస్తాను" అన్నాడు.

ఆ తర్వాత కాసేపు కళ్ళు మూసుకున్నాడు. పోయాడనుకున్నాను. మళ్ళీ తెరిచి, "తిర్సాకు చెప్పకు. చచ్చినవాడినని కూడా చూడదు, కొడుతుంది" అన్నాడు. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. అంతే.

ఇక దాచిందేమీ లేదు.

కెతూరా


జెనోవా
జూన్ 1859

చెల్లీ,

అది ఆయన మాటే. నువ్వు కల్పించలేవు. చదివి పకపకా నవ్వాను. హుల్దా భయపడి వాళ్ళ నాన్నను పిలుచుకొచ్చింది. ఆయన వచ్చేసరికి ఏడుస్తున్నాను. ఉత్తరం గబుక్కున జేబులో కుక్కాను.

మా వాగు పక్క ముసలావిడ గురించి చెబుతాను, విను. విత్తనాలప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. అడవిదున్న భుజం ఎముకను కర్రకు కట్టిన గొడ్డలిపార తెచ్చి, నేను దున్నిన చాళ్ళ మీద మట్టి కుప్పలు పెట్టసాగింది. ఉప్పు కొనడానికి వచ్చిన లూయీ అప్పుడే అటు పోతున్నాడు. తండ్రి ఫ్రెంచి వర్తకుడు, తల్లి పౌనీ, మన మాటా వాళ్ళ మాటా వచ్చు. పట్టుకొచ్చి నిలబెట్టాను.

"ఏమంటోంది?"

"నువ్వు మరీ లోతుగా దున్నుతావట. మొక్కజొన్న వాళ్ళకు అమ్మ. అమ్మను అంత గోతిలో పెడతారా అంటోంది."

"ఇది నా చెక్క అని చెప్పు. చీటీలో వచ్చింది."

చెప్పాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందా పైనా చూసింది.

"చీట్లు ఎవరు వేశారంటోంది."

"మేమే."

"అందులో నా పేరు వేశారా అని అడుగుతోంది."

చేతిలో పార కింద పెట్టేశాను. నేను, కెతూరా! మిల్లు మేస్త్రీల నోళ్ళు మూయించిన నేను!

అది వాళ్ళమ్మ చెక్కట. అంతకుముందు అమ్మమ్మది. పగవాళ్ళు సియూ తెగవాళ్ళు వచ్చి ఊరు తగలబెట్టాక నది దిగువకు పోయారట. తల్లి ఎముకలు ఆ గట్టు మీద ఉన్నాయట. నాకు అనుమానం వచ్చి, నీ మొగుడి పొలం కాదా అన్నాను. లూయీ ఆ మాట చెప్పడానికే సిగ్గుపడ్డాడు. వాళ్ళలో పొలం ఆడదానిదట, ఇల్లు ఆడదానిదట. ఆవిడా, చెల్లెలూ ఒకడినే చేసుకున్నారట.

"పోట్లాడుకోలేదా?"

"ఎందుకు పోట్లాడుకోలేదు? దాని జుట్టు ఇంత నా చేతికి ఊడొచ్చింది. కానీ ఇల్లు మాది, కుండలు మావి, గింజలు మావి. వాడి అల్లరి ఎక్కువైతే ఇద్దరం కలిసి వాడి చెప్పులు బయట పెట్టేవాళ్ళం. పోయేవాడు."

లూయీ ఆ ముక్క చెబుతూ తన చెప్పులకేసి చూసుకున్నాడు.

వీళ్ళకు వెలుగు చూపించాలని మనవాళ్ళు ప్రసంగాలు చేస్తారు! మన వెలుగులో ఆడదానికి పరలోకంలో సింహాసనం ఉంది, ఈ లోకంలో ముక్కాలిపీట కూడా తన పేరు మీద లేదు. చచ్చినవాడి హక్కు సమాధి దాటి నిలుస్తుందని నమ్మేవాళ్ళం మనం. ఓబేదు చనిపోయాక పుట్టిన నా పిల్లను కూడా ఓబేదుకు రాసిచ్చిన జనం. అదే జనం ఆ ముసలావిడ తల్లి హక్కును గడ్డిపెళ్ళల గోడతో తెంచేశామనుకున్నారు. చనిపోయిన మగాడికైతే నిత్యత్వం, చనిపోయిన ఆడదానికైతే కందకమా? సభలో అడిగాను. "సహోదరి తిర్సాకు ఎండ తగిలింది" అన్నారు.

ఇప్పుడు నా సంగతి. ఓబేదు ముఖం గుర్తు చేసుకుందామని కూర్చుంటే యబ్బేజు ముఖం వస్తోంది. గొంతు గుర్తు చేసుకుంటే యబ్బేజు ఎడ్లను అదిలించే గొంతు వస్తోంది. ఏడాదిగా నీతో దేనికోసం కొట్లాడానో నాకే తెలియడం లేదు. నాకు అక్కర్లేదు, నీకు దక్కకూడదు, అంతే. కాబట్టి ఔను. మనస్ఫూర్తిగా కాదు, పళ్ళు బిగబట్టి. తీసుకో. నా కుళ్ళు పోయిందనుకోకు. తల ఒళ్ళో పెట్టుకున్నానన్న చోట నీ ఉత్తరం నలిగిపోయి ఉంది.

బదులుగా ఒకటి చెయ్యి. నాకూ ఓబేదుకూ ఉన్న ముడి విప్పించు. నన్నూ హుల్దానూ యబ్బేజుకు పరానికి కూడా ముడివేయమని బిషప్పును అడుగు. ఈ కోరిక యబ్బేజుకు చెప్పలేదు. చెబితే నమ్మడు. నువ్వు చెప్పి, ముఖం ఎలా పెట్టాడో నాకు రాయి.

పడమరకు పోయే బళ్ళతో ఆయన ముందుగా బయలుదేరుతున్నాడు, అక్కడ మాకు చోటు చూడటానికి. నేను కోతలదాకా ఉండి వెనక బళ్ళలో వస్తాను. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. బాగా అంటించాను. ఆయనకు మొక్కజొన్న రొట్టె కాస్త మాడితేనే ఇష్టం. వచ్చిన రోజు అలాగే చేసి పెట్టు.

తిర్సక్క


ఉప్పు సరస్సు పట్నం
సెప్టెంబరు 1859

అక్కా,

ఈ ఉత్తరం ఎక్కడ మొదలుపెట్టినా నువ్వు చింపేస్తావు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

చిన్న బావ క్షేమంగా చేరాడు. బాగా నల్లబడ్డాడు. నీ ఉత్తరం చదివి నేను మగ్గం మీద తల వాల్చి ఏడ్చాను. బిషప్పు గారు నీ అనుమతి చూసి సంతోషించి, ముడులు వేసే ఇంటికి రమ్మని రోజు చెప్పారు. పెద్ద బావ తరఫున ఎవరు నిలబడతారని అడిగాను. "సొంత తమ్ముడు ఊళ్ళో ఉండగా ఇంకెవరు?" అన్నారు.

ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా అది నిజం.

నువ్వు లేవు గనుక నీ ఉత్తరం పక్కన పెట్టి, నా చెయ్యి బిషప్పు గారే చిన్న బావ చేతిలో పెట్టారు. పరానికి నేను పెద్ద బావ దాన్నయ్యాను. అక్కడితో వదిలేస్తారనుకున్నాను. బిషప్పు గారు, "పట్టుకున్న చెయ్యి ఎందుకు వదలడం? ఈమెకు అన్న పేరున బిడ్డల్నివ్వు. ఇహానికి నువ్వు చేసుకో" అన్నారు.

చిన్న బావ, "తిర్సాను అడగండి" అన్నాడు. అదొక్కటే అన్నాడు. ఔననలేదు అక్కా. కాదనీ అనలేదు.

నీ కోరిక కూడా చెప్పాను. నీతిమంతుడైన మగాడి ముడి నుంచి ఆడదాన్ని విప్పే పద్ధతి లేదన్నారు. నువ్వూ హుల్దా పెద్ద బావవాళ్ళేనట. చిన్న బావ ముఖం ఎలా పెట్టాడో రాయమన్నావు. నువ్వు అలా కోరుకున్నావని విన్నప్పుడు కుర్రాడిలా అయిపోయాడు. తర్వాత బిషప్పు గారి వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. చిన్న బావ టోపీ పెట్టుకుని బయటికి పోయాడు.

నాకు బతికున్న మగాడు వద్దని నీకు రాశాను. అప్పటికి నేను ఏ చెయ్యీ పట్టుకోలేదు. వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు. నన్ను తిట్టు, పడతాను. కానీ నువ్వూ ఆయన్ను ఇలాగే కదా తెచ్చుకున్నావు? ఆ రోజు వెనక వరసలో నిలబడి చూసినదాన్ని నేను.

రెండు గదుల ఇల్లు లేపుతున్నాడు. నువ్వు ఏ గది కోరితే అది నీది. ఇహానికి కూడా నన్ను చేసుకోవడానికి నీ మాట, మంచు కురిసి దారి మూసుకోకముందే రాసి పంపు.

కెతూరా


జెనోవా
అక్టోబరు 1859

కెతూరా,

ఏడాదిపాటు చచ్చినవాడికి కాపలా కాశాను. బతికున్నవాడిని నా చేత్తో మూట కట్టి, రొట్టె ఎలా మాడ్చాలో కూడా రాసి, నీ గుమ్మంలోకి తోలాను. తమ్ముడు నిలబడతాడని నాకు తట్టొద్దూ? నాకు ఆయన వచ్చిన దారే అది! లోకంలో ఈ పొరపాటు చెయ్యకూడని ఆడది ఎవరైనా ఉంటే అది నేనే.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. తిట్లు అయిపోయాయి, కాగితం మిగిలింది. అందుకని ఆయన సంగతి రాస్తాను. "తిర్సాను అడగండి" అన్నాడా? ఎంత మర్యాద! నా కాదుకు మీ ధర్మంలో విలువ లేదు, చిల్లిగవ్వ పాటి లేదు. ఆయన కాదుకు ఉంది. బిషప్పు ముందు ఆ ఒక్క మాట ఆయన అంటే అంతటితో తెగిపోయేది. చెల్లే కాదు చేతిలో పెట్టుకుని, చెల్లని కాదు ఉన్నదాన్ని అడగమన్నాడు. దీన్ని మంచితనమంటారు మీ ఊళ్ళో. మగాళ్ళ మంచితనం ఎప్పుడూ ఇంతే, ఖర్చంతా ఆడదాని ఖాతాలో.

అన్న మీద ఇన్నేళ్ళు కుళ్ళుకున్నాడు కదా, అన్నకు దక్కేది తనకూ ఒకటి దక్కుతుందంటే కాళ్ళు కదల్లేదేమో. నాకు ఆ కుళ్ళు అర్థం కాదనను. నీదీ అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన సర్దుకుపోవాలని ఎక్కడా రాసి లేదు.

కోతలయ్యాయి. ఊరు ఖాళీ అవుతోంది. పౌనీ ఆడవాళ్ళు వాగు అవతల గుడిసెలకు దుంగలు నిలబెడుతున్నారు. నేనూ ముసలావిడా కలిసి నా చెక్కలో కంకులు విరిచి సగం సగం చేసుకున్నాం. స్నేహం కుదిరిందని కథలల్లకు. నా మంచి పార ఎత్తుకుపోయింది. అడిగితే, లూయీ లేడు గదా అన్నట్టు చెవి చూపించి పోయింది. పోనీ. చీటీలో ఆవిడ పేరు వెయ్యనందుకు జరిమానా అనుకున్నాను.

రేపు బళ్ళు బయలుదేరుతున్నాయి. అందరూ పడమరకు. నేనూ హుల్దా తూర్పుకు, పెద్ద నది ఒడ్డున ఉన్న ఫ్లోరెన్సు అనే ఊరికి. అక్కడ పడవల రేవులో భోజనాల ఇల్లు నడిపే ఒక విధవరాలికి వంటలో మనిషి కావాలట. కోతలప్పుడు గింజలు కొనడానికి ఇక్కడికి వచ్చి నన్ను చూసి, "మార్మన్‌వా? మొగుడెక్కడ?" అంది. "ఒకడు భూమిలో, ఒకడు లోయలో" అన్నాను. ఇంకేం అడగలేదు. ఆవిడతో పడొచ్చు.

హుల్దా నాన్న ఏడని అడుగుతోంది. మీ ధర్మం ప్రకారం వాళ్ళ నాన్న ప్లాట్ రేవు గడ్డిలో ఉన్నాడని చెప్పాలి. నేను అలా చెప్పను. "మీ నాన్న ఇల్లు కడుతున్నాడు, మన కోసం కాదు" అని చెప్పాను. అయిదేళ్ళ పిల్లకు అబద్ధం కన్నా అది తేలిక.

ఇక నువ్వు అడిగిన మాట. కాదు.

ఇది ఎవరినీ ఆపదని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఈ కాగితం బిషప్పు చేతికివ్వు, యబ్బేజు ముందు గట్టిగా చదవమను. గీత గీసి ఇచ్చింది గదా అని రేపు నన్ను ఎవరూ చూపించకూడదు. అడిగారు, కాదంది, అయినా చేశారు. జరిగింది అది. అలాగే చెప్పుకోండి.

నీ మీద నాకు ఎంత కడుపుమంటంటే, ఆ గదిలో పొయ్యి ఏ మూలన ఉంటుందో, దుప్పటి ఏ రంగుదో, అన్నీ కళ్ళకు కడుతున్నాయి. బాగా బతుకు అని రాయలేను. చల్లగా ఉండమనీ రాయలేను.

చలి ముదిరాక ఆయన ఎడమ భుజం పట్టేస్తుంది. చొక్కా కూడా తొడుక్కోలేడు, పళ్ళు కొరుక్కుంటూ మంచం అంచున కూర్చుంటాడు. అప్పుడేం చెయ్యాలో నాకు తెలుసు.

నీకు చెప్పను.

తిర్సా